తుమ్మలవాడ నుంచి రావలసిన తల్లిగారి చీర

కరీంనగర్ జిల్లా గోదావరిఖనిలో, కొత్త కాలనీ చివర రెండు గదుల సొంత ఇంట్లో కాపురముంటున్న ఆరెపల్లి సుసన్నా అనే నేను, కీర్తిశేషులు తోమాసు భార్యను, వయస్సు యాభై దాటినదానను, మతి కుదురుగా ఉండి, ఎదుట కూర్చున్న వారిని పేరుపేరునా గుర్తుపడుతూ, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా చెప్పి రాయించుకొంటున్న వీలునామా ఇది. మతి బాగానే ఉంది గాని ఊపిరి బాగాలేదు. గుండె పెరిగిందని దవాఖానలో చెప్పారు. అందుకే ఈ తొందర.

బొగ్గు కంపెనీ కాగితాలలో నా పేరు సుసన్నా కాదు, మల్లక్క. నా భర్త పేరు తోమాసు కాదు, ఓదెలు. ఈ రెండు పేర్ల మనిషి ఒకతే అని ఇందుమూలంగా ఒప్పుకొంటున్నాను. అసలు ఓదెలు బొగ్గుబాయిలో పనికి ఎంపికై, మొదటి రోజు దిగి, లోపలి చీకటికి దడుసుకొని తెల్లారేసరికి ఊరికి వెళ్లిపోయాడు. ఆయన కార్డు మీద నా భర్త దిగాడు. చనిపోయేదాకా ఓదెలుగానే దిగాడు. ఆయన పోయాక ఓదెలు భార్య మల్లక్కగా నాకు కంపెనీ దవాఖానలో ఆయా పని దొరికింది. ఇప్పుడు నన్ను పనికి చాలనని ఇంటికి పంపి లెక్క ముట్టజెప్పారు. నా కొడుకు కంపెనీలో లేడు. చెప్పినందువల్ల ఎవరి అన్నమూ పోదు కనుక చెబుతున్నాను. ఈ సంగతి రాయడమెందుకని దస్తావేజు రాసే పంతులు గారు కలం కింద పెట్టారు. "రాయి పంతులూ, సచ్చేది నేను గని నువ్వు గాదు గదా" అన్నాను. రాశారు.

ఒకటో నిబంధన. పైన చెప్పిన ఇల్లు, పెరటి జాగా, బాదం చెట్టుతో సహా నా ఒక్కగానొక్క కొడుకు యేసయ్యకు చెందవలెను. వాడు మందమర్రిలో బడిపంతులు. ఉండదలిస్తే ఉండవచ్చు, అమ్మదలిస్తే అమ్మవచ్చు, దాన విక్రయాది సర్వహక్కులూ వాడివే. అమ్మితే అమ్మ బాధపడుతుందని వాడు ఫికరు పెట్టుకోనక్కరలేదు. ఈ ఇంటి మీద నాకు అంత మమకారం లేదు. నాకు మమకారమున్నది ఒక మట్టిగోడల గుడిసె మీద. అది ఇప్పుడు భూమి మీద లేదు.

రెండో నిబంధన. నా చెవి కమ్మలు కోడలు అనసూర్యకు. డాక్టరు వద్దన్నాడని కూరలో ఉప్పు మానేసి, "ఏసిన అత్తా, నీ నాలికె సచ్చింది" అని నా మొహం మీదే అబద్ధమాడే మనిషి ఆమె. నేను నమ్మినట్టే తింటున్నాను. నా కొడుకు ఆమెను చేసుకొంటానన్ననాడు వేరే మతమని నేను మూడు పూటలు పస్తున్నాను. నాలుగో పూట అన్నం ఆమే వండి పెట్టింది. ఆ రోజు ఉప్పు సరిగానే ఉంది.

మూడో నిబంధన. నా విసుర్రాయి జైపూర్‌లో ఉన్న ఐలవ్వకు పంపవలెను. ఐలవ్వ తుమ్మలవాడలో మా ఎదురింటి మనిషి. ఆ రాయి తనదేనని ఆమె, కాదు మా ఆయన గోదావరి అవతలి నుంచి భుజాన మోసుకొచ్చాడని నేను, వాడంతా వినేటట్టు కొట్లాడాము. రాయి నాదే. ఇప్పుడూ నాదే అంటాను. అయినా ఆమెకే పంపండి. ఎందుకో తరువాత చెబుతాను.

నాలుగో నిబంధన చెప్పేముందు తుమ్మలవాడ సంగతి చెప్పాలి. పంతులు గారు ఇది వీలునామాలో ఇమడదంటున్నారు. ఇమడ్చమన్నాను.

కంపెనీ క్వార్టర్లు ఇంకా అందరికీ రానప్పుడు, బాయికి దగ్గరగా తుమ్మచెట్లు కొట్టి మాకు మేమే వేసుకొన్న గుడిసెల వరుస అది. నా గుడిసెకూ పోశవ్వ గుడిసెకూ మధ్య ఒకటే గోడ. గోడలో చెయ్యి పట్టేంత సందు. ఆ సందులోంచి నిప్పు, ఉల్లిగడ్డ, చంటిపిల్ల గుడ్డలు, చాడీలు అన్నీ అటూ ఇటూ నడిచాయి. ఆమె మగడు కొమురెల్లి. కులం కాని వానితో వచ్చిందని ఆమె అన్నలు ఆమెను చచ్చినదానిలో లెక్క గట్టారు. నేను మిషను హాస్టలులో పెరిగిన దానను. నన్ను అక్కడ ఎవరు విడిచిపోయారో నాకు తెలియదు. అంటే ఇద్దరికీ తల్లిగారిల్లు లేదు.

మా వైపు పెండ్లయిన ఆడది పోతే ఆమె తల్లిగారి వాళ్లు కొత్త చీర తెచ్చి పీనుగ మీద కప్పాలి. అదే తల్లిగారి చీర. ఒకనాడు వాడలో ఒక ముసలామె పోతే ఆమె తమ్ముళ్లు చీర తీసుకొని ఏడ్చుకొంటూ వచ్చారు. మేము చూసి వచ్చాము. ఆ సాయంత్రం పోశవ్వ బియ్యం చెరుగుతూ అడిగింది: "మనం సత్తే మన మీద ఎవలు కప్పుతరే సుసన్నక్కా?" ఆమే మళ్లీ అన్నది: "నీకు నేను తెస్త. నాకు నువ్వు తే. గీడికి ఒడిసింది." అని చాటలోని నూకలు కోడికి వేసి లేచింది. నాకు తల్లిగారిల్లు దొరికింది ఆ మాటతోనే.

ఈ ఆచారం బైబిలు వాక్యంలో లేదని మా పాస్టరు గారు అంటారు. ఆయన భార్య పోయిననాడు ఆమె అన్నలు పచ్చంచు చీర తెచ్చి కప్పడం నేను కళ్లారా చూశాను. కాబట్టి ఈ విషయంలో ఆయన మాట చెల్లదు.

తరువాత నా భర్తకు ఊపిరితిత్తులు చెడి వరంగల్ పెద్దదవాఖానలో చేర్పించాను. నేలలో పగుళ్లు కనబడ్డాయని, అడుగున బొగ్గు తీసిన చోట భూమి కుంగవచ్చని, వాడను ఖాళీ చేయించారట. కొమురెల్లికి అదే వారం బదిలీ వచ్చిందట. నేను తిరిగి వచ్చేసరికి తుమ్మలవాడ లేదు. చదును చేసిన నేల మీద నా గుడిసె ఎక్కడిదో, ఆమె గుడిసె ఎక్కడిదో పోల్చుకోలేక, ఏ గోడ పక్కన కూర్చొని ఏడవాలో తెలియక నిలబడ్డాను.

అప్పటి నుంచి వెతుకుతున్నాను. తాలూకా ఆఫీసులో పాత ఓటర్ల జాబితా చూపించుకొన్నాను. అందులో వాడ వాడంతా ఉంది, ఎవరెటు పోయారో లేదు. రేషను కార్డుల రిజిస్టరు చూశాను. చర్చి రిజిస్టరులో మా వాళ్ల బాప్తిస్మాలు, పెండ్లిళ్లు పట్టుకొని కొందరి జాడ తీశాను. అలా దొరికిన మొదటి మనిషి ఎవరంటే, నేను ఎవరికోసం వెతకలేదో ఆ ఐలవ్వ. ఆమె తమ్ముడు మా చర్చిలో కలిశాడు. జైపూర్ పోతే ఆమె నన్ను చూసి, "రాయికోసం వచ్చినవా?" అన్నది. ఆ తరువాత ఇద్దరమూ చాలాసేపు తుమ్మలవాడ ఇండ్లు ఒక్కొక్కటి వేళ్ల మీద చెప్పుకొన్నాము. నాకు తుమ్మలవాడను మళ్లీ చూపించింది కనుక విసుర్రాయి ఆమెకు.

పోశవ్వ మాత్రం దొరకలేదు. కంపెనీ ఆఫీసులో ఎవరిని అడిగినా, పోశవ్వ అనే భార్య ఉన్న కొమురెల్లి లేడన్నారు. ఏండ్లు గడిచాయి. మల్లక్క పేరుతో రోజూ హాజరు వేసుకొనే నేను, పోశవ్వను పోశవ్వ పేరుతో వెతుకుతూ వచ్చాను. ఇంతకన్నా మొద్దుబుర్ర ఆ దవాఖానలో ఇంకొకటి లేదు.

మా వాడలో ఒక మర్యాద ఉండేది. బాయిలో ఏ పేరుతో దిగుతున్నావని ఎవరూ ఎవరినీ అడగకూడదు. తెలిస్తే నోరు జారవచ్చు, జారితే ఒక ఇంటి పొయ్యి ఆరిపోతుంది. అందుకని కొమురెల్లి కంపెనీ పేరు నేను అడగలేదు. తోమాసు కంపెనీ పేరు పోశవ్వ అడగలేదు. గోడ సందులోంచి అన్నీ ఇచ్చిపుచ్చుకొన్నాము, ఆ ఒక్కటి తప్ప.

చివరికి వెలిగింది. పోశవ్వ కూతురు సారలమ్మ పుట్టింది అరవై ఎనిమిది మేడారం జాతర రోజులలో, మాఘ పున్నమి నాడు. అమ్మవారి పేరే పెట్టారు. పోశవ్వను రిక్షా ఎక్కించి ఈ కంపెనీ దవాఖానకే తెచ్చింది నేనే. కొమురెల్లి కౌంటరు దగ్గర తన కంపెనీ పేరు చెబుతుంటే మర్యాదకు దూరంగా జరిగి నిలబడిందీ నేనే. కాన్పుల రిజిస్టర్లు నేను రోజూ దుమ్ము దులిపే బీరువాలోనే ఉండేవి. పెద్ద నర్సమ్మను అడిగి ఆ ఏటిది తీయించాను. ఆ పున్నమి రోజున ఒక్క ఆడపిల్లే పుట్టింది. తల్లి పేరు వేరే. తండ్రి పేరు వేరే. ఆ పేర్ల మీద వేలు పెట్టి, ఓసి పోశీ, ఇక్కడ దాక్కున్నావా అనుకొన్నాను.

ఆ పేర్లు ఇందులో రాయించను. కొమురెల్లి ఇంకా డ్యూటీలో ఉన్నాడు. లాంపురూములో పనిచేసే మా పొరుగింటి సదయ్య చెవిలో మాత్రం చెప్పాను. పనివాళ్లకు దీపాలిచ్చే లాంపురూములో అందరూ కంపెనీ పేర్లతోనే ఉంటారు కనుక, అక్కడివారిని ఇక్కడివారిని అడిగి, ఆ పేరు మనిషి మొదట మందమర్రికీ అక్కడి నుంచి కొత్తగూడేనికీ బదిలీ అయ్యాడని సదయ్య తెలుసుకొన్నాడు. సదయ్యనే ఈ వీలునామా అమలు జరిపే బాధ్యునిగా నియమిస్తున్నాను. ఆయన వద్దంటే కూడా నియమిస్తున్నాను.

నాలుగో నిబంధన. నా ఇనుప పెట్టెలోని ఎర్ర నేతచీర పోశవ్వకు చెందవలెను. అది ఇప్పుడే సదయ్య చేతికిచ్చి కొత్తగూడెం పంపుతున్నాను. బతికుండగానే కట్టుకొమ్మనాలి.

ఐదో నిబంధన. నేను పోయిన కబురు పోశవ్వకు అందించవలెను. నా మీద తల్లిగారి చీర ఆమే కప్పవలెను. ఆమె తప్ప ఇంకెవరు తెచ్చినా, కోడలి తల్లిగారు ప్రేమతో తెచ్చినా సరే, కప్పకూడదు. పోశవ్వ రాలేకపోతే ఏమీ లేకుండానే నన్ను పూడ్చవచ్చు.

ఇంతవరకు రాయించి, సదయ్య తిరిగి వచ్చాక సంతకం పెడతానని కాగితాలు పంతులు గారి దగ్గరే ఉంచాను. సదయ్య నిన్న వచ్చాడు. ఇప్పుడు ఐదో నిబంధన కొట్టివేయించి, కింది విధంగా రాయిస్తున్నాను.

పోశవ్వ లేదు. రెండేండ్ల కింద కామెర్లతో పోయింది. కొమురెల్లి సదయ్యను మంచం మీద కూర్చోబెట్టి చెప్పిన మాటలు చెప్పినట్టే రాయమన్నాను: "పొద్దు గూకేదాక పీనుగను లేపలే అన్నా. సుసన్నక్క చీర తెస్తది, ఆమె రాంది నన్ను కదిలియ్యద్దని నాతోని ఒట్టేయించుకున్నది. ఆమె ఏడ ఉన్నదో నాకెట్ల తెలుస్తది? తోమాసన్న బాయి పేరు మాకు తెల్వకపాయె. ఆమె మంచాన వడ్డనాడే తుమ్మలవాడ అని రాసి కార్డేసిన. గసోంటి వాడ లేదని వాపసొచ్చింది. సీకటైనంక ఇగ ఆగలేక తీస్కపోయినం."

ఆమె నాకోసం ఆ పూటంతా ఎదురుచూసింది. నేను అప్పుడు ఇక్కడ దవాఖానలో మల్లక్కనై పక్కబట్టలు మారుస్తున్నాను. మేము మాట ఇచ్చుకొన్న సాయంత్రం, ముందు పోయినదానికి వెనకది తెస్తుంది సరే, వెనక మిగిలినదానికి ఎవరు తెస్తారని ఇద్దరమూ ఆలోచించలేదు. నవ్వులాటలో పడి మరిచిపోయాము.

ఎర్రచీర ఏం చేయాలో తోచక సదయ్య దాన్ని ఆ పిల్ల సారలమ్మ ఒడిలో పెట్టి వచ్చాడు. పదేండ్ల పిల్ల. "మా అమ్మకు తెచ్చిన్రా?" అని అడిగి, మళ్లీ ఎవరినీ ముట్టనివ్వలేదట. తండ్రి అడిగినా ఇవ్వలేదట.

కనుక సవరించిన ఐదో నిబంధన. ఆ ఎర్రచీర సారలమ్మదే. దాన్ని ఎవరూ తిరిగి అడగకూడదు. నేను పోయిన వెంటనే సదయ్య కొత్తగూడేనికి తారు, అదే టెలిగ్రాం, ఇవ్వవలెను. సారలమ్మకూ కొమురెల్లికీ రాకపోకల ఖర్చు యేసయ్య పెట్టుకోవలెను. నా కోసం కొత్త చీర కొనవద్దని వాళ్లకు చెప్పాలి. పోశవ్వ కట్టి విడిచిన చీర ఆ ఇంట్లో ఒకటైనా ఉండకపోదు. పాతదైనా, చిరిగిందైనా, అది తేవాలి. పాత చీర కప్పరాదని పెద్దలెవరైనా అడ్డం వస్తే, ఇది నా తల్లిగారింటి సంగతి, మీకు సంబంధం లేదని చెప్పాలి. కొత్తగూడెం నుంచి రావడానికి ఒక పూట పడుతుంది. బస్సు దొరక్కపోతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఎండ అని, వాసన అని, పాస్టరు గారికి వేరే పని ఉందని ఎవరూ తొందర పెట్టకూడదు.

సారలమ్మ వచ్చేదాకా నన్ను లేపవద్దు.

ఇది నా చివరి మాటగా చదివించుకొని, విని, సమ్మతించి చేసిన సంతకం.

గోదావరిఖని, 1978 మార్చి 19, ఆదివారం.

(సంతకం) ఆరెపల్లి సుసన్నా
కంపెనీ కాగితాలలో ఓదెలు భార్య మల్లక్క

సాక్షులు:
1. మేకల పూలమ్మ, ఆయా, కొత్త కాలనీ (వేలిముద్ర)
2. గుర్రాల గట్టయ్య, కొత్త కాలనీ (సంతకం. ఈ పేరు సొంతమేనని సుసన్నా రాయించినది)