ఎడమ పక్కన కూర్చోవద్దు

సైదమ్మక్కకు తమ్ముడు మల్లేశు దండం పెట్టి రాసేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు అక్కడ బాగున్నారని తలుస్తాను. ఎడమ కాలువకు నీళ్లు వదిలారా? మన వేములపల్లిలో నాట్లు మొదలయ్యాయా? కుంటి గొర్రెను మందతో పాటు తోలొద్దని బావకు చెప్పు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో చెబితే సగం విని "సరే తియ్యి" అంటావు. పైగా సోమవారం నుంచి ఇక్కడి కలుపు పనికి వస్తానన్నావు కదా, రావద్దంటే సార్ల ముందు అక్క గడ్డి పీకడం నాకు నామోషీ అనుకుంటావు. నామోషీ కాదక్కా, భయం.

హైదరాబాద్ వచ్చి ఎనిమిది నెలలయింది. ఈ గోల్ఫ్ మైదానంలో సార్ల కర్రల సంచి మోయడం నా పని అని నీకు తెలుసు. అన్నం కడుపునిండా పెడతారు, పప్పు మాత్రం నీళ్లే. సాయంత్రమైతే గొర్రెల అరుపులు వినబడక ఏమీ తోచదు. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడకు.

నేను మోసే సంచి కోదాడ దగ్గర చిలుకూరు నుంచి వచ్చిన ఒక మిల్లుల సారుది. నన్ను మనవాడంటాడు. ఆయన ఎంత గట్టిగా కొట్టినా బంతి తిన్నగా లేచి, సగం దూరం పోయాక కుడికి వంగి చెట్లలో పడేది. దాన్ని స్లైస్ అంటారు. మూడో హోల్‌కు, అంటే బంతి వేయాల్సిన మూడో గుంతకు, పోయే దారిలో ఆ కుడి పక్కనే తొమ్మిది మంది ఆడవాళ్లు కూర్చుని కలుపు తీసేవారు. వాళ్లలో పెద్దది అనంతగిరి లింగమ్మ, నాకు రోజూ ఇంత పచ్చడి పెడుతుంది. ఒకసారి బంతి ఆమె పక్కనే పడితే, నేనే మేస్త్రీతో చెప్పి అందరినీ ఎడమ పక్కకు మార్పించాను. "మల్లేశు ఏ పక్కంటే గా పక్కనే కూసుంటం" అంది లింగమ్మ. ఆ మాటకు ఎంత మురిసిపోయానో!

పది రోజుల కింద సారు నన్ను పిలిచి, "ఒరేయ్, వచ్చే వారం ఆదివారం పోటీ ఉంది. ఈ వంకర పోగొట్టావంటే నీ ఉద్యోగం పర్మనెంట్ చేయిస్తా" అన్నాడు. నేర్పే కోచ్‌లతో ఆయనకు పడదు. నేనా, రాళ్లు విసిరి గొర్రెలను మళ్లించినవాణ్ణి. చెయ్యి తిరిగిన తీరు చూస్తే రాయి ఎటు పోతుందో చెప్పగలను. సారు ఎడమ చేతిని కర్ర మీద కాస్త కుడికి తిప్పి పట్టించాను. బంతికి అవతల తువ్వాలు పెట్టి, అది తగలకుండా కొట్టమన్నాను. నాలుగు రోజులకు వంకర పోయింది. సారు నన్ను కావలించుకున్నాడు.

కానీ ఆయనకు ఏదీ కొంచెంతో చాలదు. చేతిని ఇంకా తిప్పాడు. నిన్న మూడో హోల్లో కొట్టిన బంతి కిందుగా దూసుకుపోతూ ఎడమకు తిరిగింది. "అమ్మా, సూడుండ్రి!" అని కేక వేశాను. అక్కడే నేను తప్పు చేశాను. తొమ్మిది మందీ ఒక్కసారి తలలెత్తి నా వైపు చూశారు. బంతి వాళ్ల మధ్య నుంచి పోయి లింగమ్మ సద్ది గిన్నెకు తగిలింది. గిన్నె సొట్టపోయింది. ఆమె నవ్వుతూనే ఉంది గానీ నేను సంచి అక్కడే పడేసి ఆమె దగ్గరికి పరుగెత్తాను.

పాత పట్టే మేలని సారును బతిమాలాను. "ఎవరికీ తగల్లేదుగా! ముందుకన్నా దూరం పోతోంది. ఆదివారం దాకా నా చెయ్యి జోలికి రాకు" అన్నాడు. మేస్త్రీ అయితే "నువ్వే గదరా ఎడమ పక్క మంచిదన్నవ్? ఇగ రోజుకో దిక్కు మార్సాల్నా?" అని కసిరాడు. ఆదివారం గెలిస్తే సారు ఆ పట్టు ఇక వదలడు. ఓడిపోతే నా పని పోతుంది. అయినా ఆయన ఓడిపోవాలనే మొక్కుకుంటున్నాను.

ఈ ఉత్తరం మన ఊరి వెంకన్న రేపు బస్సులో తెస్తాడు. తిరిగొచ్చేటప్పుడు అతని చేత నిమ్మకాయ పచ్చడి పంపు. నువ్వు మాత్రం రాకు. నీ మొండితనం తెలుసు గనుక ఇంకో మాట కూడా రాస్తున్నాను. చిన్నప్పుడు కాలువ గట్టున నేను కేక వేస్తే ఎంత దూరంలో ఉన్నా తల ఎత్తి చూసేదానివి. ఇక్కడ అలా చూడకు. తల రెండు చేతుల్లో దాచుకుని నేలకు వంగిపో.

పొద్దున లింగమ్మకు ఇదే నాలుగు సార్లు చెప్పాను. అర్థమైందంది. చూద్దామని కాస్త దూరం పోయి కేక వేశాను. ఆమె వెంటనే తల ఎత్తి, "ఏంది తమ్మీ?" అని నవ్వింది.

బావకు, అత్తమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన నాతో పాటు ఆ తొమ్మిది మందికీ కావాలి.

నీ తమ్ముడు
మల్లేశు