ఉయ్యాల కింద పొడి

ప్రియమైన నాన్నకి,

కోపం తెచ్చుకోకుండా చదువు. తెచ్చుకుంటావని తెలుసు, అయినా చెప్పక తప్పదు. నువ్వు చేసి పంపిన ఉయ్యాల కింద రోజూ పొద్దున్నే చిటికెడు పొడి కనిపిస్తోంది. తుడిస్తే మర్నాటికి మళ్ళీ సిద్ధం. మీ అల్లుడు చెదలంటున్నారు. వచ్చే నెల పురుడు. పురుగులున్న ఉయ్యాలలో బిడ్డను పడుకోబెట్టమంటావా? నలభై ఏళ్ళ వడ్రంగివి, ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. లేకపోతే బయట పారేస్తాను.

అన్నట్టు, ఉయ్యాలతో పంపిన చీటీలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఎవరి మీద కోపంతో రాశావు?

నీ కూతురు


ప్రియమైన మొండిఘటానికి,

పారేస్తావా? నేను చిత్రిక పట్టిన చెక్కకి చెదలా! మీ ఆయన గుమాస్తా, ఫైళ్ళు చూసుకోమను. చెదలైతే మట్టితో దారి కట్టుకుంటాయి. ఉందా? పొడిని వేళ్ళ మధ్య నలిపి చూడు. రవ్వలా గరుకుగా ఉంటే చెదలే అనుకుందాం. ముఖానికి రాసుకునే పౌడర్‌లా మెత్తగా ఉంటే పుచ్చుపురుగు. అది తెల్లచెక్కనే తింటుంది, అంటే దుంగలో బెరడు పక్కనుండే భాగాన్ని. లోపలి చేవ జోలికి రాదు. తెల్లచెక్క నేను వాడనే వాడను. ఆ పొడి మీరు కొన్న పేము కుర్చీది. ముందు దాన్ని బయట పెట్టు.

మీ అమ్మ నీ ఆరోగ్యం అడగమంది. అడిగాను.

మీ నాన్న


ప్రియమైన నాన్నకి,

కుర్చీని బయట పెట్టి వారమైంది. పొడి ఉయ్యాల కిందే ఉంది. నీ ఉత్తరం ముందు ఎదురింటికి వెళ్ళింది, ఇంటి నంబరు తప్పు రాశావు. అంత కోపమా?

పొడి మెత్తగా వేళ్ళకు అంటుకుపోయింది. మట్టి దారులు లేవు. కుడివైపు కర్రలకు గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు, నిన్నటికి పదకొండు. దొరికిన పురుగును టేపు కింద అంటించి పంపుతున్నాను. నువ్వుగింజంత పొడవు, సన్నగా, గోధుమరంగులో ఉంది. మీ అల్లుడు రంధ్రాల్లో సిరంజితో కిరసనాయిలు పోసి మైనంతో పూడ్చారు. మర్నాడు పక్కనే కొత్త రంధ్రం. ఇప్పుడేమంటావు?

నీ కూతురు


అమ్మాయీ,

నువ్వు చెప్పినదాన్ని బట్టి పుచ్చుపురుగే. కాబట్టి ఆ కర్రలు నావి కావు. తెచ్చిన లారీవాడు విరగ్గొట్టి, ఎవడి చేతో మార్పించి ఉంటాడు. నా పరువు తియ్యాలనుకుంటే ఇంకో దారి చూసుకో. ఒక కర్ర ఊడదీసి పంపు. ముట్టుకుని చెబుతాను.

నాన్న


నాన్నా,

ఇదిగో కర్ర. చివర నీ గుర్తుంది, ఉలితో కొట్టిన చంద్రవంక. అది కూడా లారీవాడే చెక్కాడా? నిలువునా చీల్చాం. సగం గోధుమరంగు, సగం కాగితమంత తెలుపు! చిన్నప్పుడు నేను చెక్కముక్కలతో ఆడుకుంటుంటే, తెల్లవి ఏరి పొయ్యిలో పడెయ్యమని నేర్పింది నువ్వే. నా బిడ్డకి మాత్రం ఇదా? పని ఇంకెవరికో అప్పగించి, గుర్తు మాత్రం నువ్వు కొట్టి పంపావు. ఏడుపొస్తోంది. ఇంక ఈ విషయం రాయకు.

నీ కూతురు


ప్రియమైన నా తల్లికి,

రాయొద్దన్నావు. అందుకే ఈ అక్షరాలు మీ అమ్మవి. నేను చెబుతుంటే రాస్తోంది, మధ్యమధ్యలో నన్ను తిడుతోంది. నీ ఉత్తరాలు చదివి వినిపించేదీ ఆవిడే.

చంద్రవంకను వేలితో తడిమాను. గుర్తూ నాదే, పనీ నాదే. చీల్చిన ముక్కను కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే నాకు రెండు రంగులు కనిపించలేదమ్మా. టేపు కింద పురుగూ కనిపించలేదు. తెలుపు ఎక్కడ మొదలవుతుందో చూపించమంటే మీ అమ్మ నా వేలు పట్టుకుని అక్కడ పెట్టింది. రెండు వైపులా ఒకటే నునుపు. ఏడాదిగా చూపు మసకగా ఉన్నా చేతులున్నాయి కదా అనుకున్నాను. రంగు చేతికి తెలియదు. తల కొట్టేసినట్టుంది.

నిన్ను తిట్టాను, అల్లుణ్ణి తిట్టాను, లారీవాణ్ణి తిట్టాను. అసలు తిట్టాల్సినవాణ్ణి వదిలేశాను.

ఉయ్యాల కాల్చెయ్యండి. కిరసనాయిలు దండగ, లోపలి పిల్లపురుగులు నెలల తరబడి తింటూనే ఉంటాయి. పక్కనున్న అలమర కూడా వెతకండి. కంట్లో పొర తీయించుకోవాలన్నాడు డాక్టరు. పన్నెండో తారీకున మీ అమ్మ లాక్కెళుతోంది.

కొత్త ఉయ్యాలకి చెక్క ఆవిడే ఎంచుతోంది. ఇది కూడా తెలుపేనా అని నేను పక్కన నిలబడి అరుస్తున్నాను. నిన్న మొదటి కర్ర పూర్తయింది. చంద్రవంక కొట్టబోయి ఉలి పక్కన పెట్టాను. నువ్వు చూసి సరేనన్నాక కొడతాను.

మీ నాన్న