అప్‌డేట్ నొక్కిన చెయ్యి

నిజామాబాద్,
మంగళవారం.

అవ్వకు నీ బిడ్డ షారోన్ నమస్కారం. ప్రభువు దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. పోచంపాడ్‌లో నీవు, అన్న, రోజా వదిన కూడా బాగున్నారని తలుస్తాను.

బస్సు కండక్టర్ లింగం మామతో నీవు పంపిన ఉత్తరం అందింది. మా ఆయన దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. మార్కెట్ యార్డుకు పసుపు వస్తోంది కదా, ఆటో నడిపేవాళ్లకు రోజంతా ఆ దుమ్మే. వేళకు తింటున్నావా అనీ అడిగావు. ఫోన్ల సర్వీస్ సెంటర్లో మధ్యాహ్నం డబ్బా తెరుస్తున్నాను, మూస్తున్నాను. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. ఇది మూడో కాగితం, ముందు రెండూ చింపేశాను. కౌంటర్లో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు.

"నా చేతులే మంచిగ లేవు బిడ్డా. ఏం నొక్కిన్నో ఏమో, ఫోన్ల అక్షరాలు పోయినయ్. గిరాకోళ్లు ఏం చెప్తున్నరో తెలుస్తలేదు. ఫోన్ బంద్ చేసి పెట్టెల వెట్టిన. సోమారం నుంచి చేపలు తూచే తరాజు రోజాకు అప్పజెప్త" అని రాశావు.

చెవులు వినిపించకుండా పోయినప్పుడు కూడా నీవు చేపల బేరం మానలేదు. నేను ఆ ఫోన్ తెచ్చి, అవతలివాళ్లు మాట్లాడేది తెర మీద తెలుగులో పడుతుందని చూపిస్తే, "అరె, నువ్వు మాట్లాడేది చదువుతున్ననే!" అని ఎంత నవ్వావు! బైబిల్ కోసం నేర్చుకున్న అక్షరాలతోనే బాల్కొండ హోటళ్ల దాకా ఆర్డర్లు తీసుకున్నావు. అలాంటిదానివి, ఇప్పుడు నీ చేతులను తిట్టుకుంటున్నావు.

అక్షరాలు ఎందుకు పోయాయో చెబుతాను. మాటను అక్షరాలుగా మార్చే ఆ పద్ధతి తమదని, దాని మీద పేటెంట్ తమకుందని, ఇంకో కంపెనీ మన ఫోన్ కంపెనీ మీద కోర్టుకు పోయింది. పేటెంట్ అంటే, కనిపెట్టినవాళ్లను అడగకుండా మరొకరు దాన్ని వాడుకోకూడదనే హక్కు. ఆ హక్కు ఉండాల్సిందే, కాదనను. కానీ కేసు తేలేదాకా ఆపమని కోర్టు అనగానే, మన కంపెనీ ఎప్పుడో అమ్మేసిన ఫోన్లలోంచి కూడా, ఒక అప్‌డేట్ పంపి, దాన్ని తీసేసింది. వల నాదంటే నాదని ఇద్దరు కొట్లాడుకుని, కొనుక్కుని పోయేవాళ్ల గంపలోంచి చేప తీసుకున్నట్టుంది. ఎవరైనా వచ్చి అడిగితే "ఫోన్ పాతదైంది, కొత్తది చూడండి" అనమని మాకు చెప్పారు. రెండు వారాలుగా నేనూ అదే అంటున్నాను, వాళ్ల మొహం చూడకుండా.

ఇంకా అసలు మాట రాయలేదు. ఎలా రాయాలో తెలియక ఇక్కడిదాకా లాగాను. ఆ అప్‌డేట్ నొక్కింది నేను అవ్వా.

నేను వచ్చిన ఆదివారం, చర్చి నుంచి ఇంటికొచ్చాక, నీవు నాకోసం బొచ్చె చేప కోస్తూ, ఛార్జింగ్ పెట్టమని ఫోన్ ఇచ్చావు. మా దగ్గర ఏ ఫోన్ చేతికొచ్చినా ముందు అప్‌డేట్ నొక్కాలి. అదే అలవాటుతో నీదీ నొక్కేశాను. తెర మళ్లీ వెలిగాక గుర్తొచ్చింది, ఈ అప్‌డేట్‌తో అక్షరాలు పోతాయని రెండు రోజుల ముందే మాకందరికీ చదివి వినిపించారని. "అక్షరాలొస్తలేవేందే?" అని నీవడిగావు. పలక తీసుకుని, "నువ్వే ఏదో నొక్కినవ్" అని రాసి చూపించాను. నీవు నమ్మేశావు. బస్సెక్కాక ఏడ్చాను గానీ, దిగి వెనక్కి రాలేదు. సిగ్గుగా ఉంది అవ్వా.

తరాజు ఎవరికీ ఇవ్వకు. ఫోన్ పెట్టెలోంచి తీసి ఛార్జింగ్ పెట్టు. మెసేజ్ రాయమంటే నీ గిరాకీలలో సగం మంది రాయరు. అందుకే హోటళ్ల వాళ్లందరికీ నా నంబరిచ్చాను. వాళ్లు నాకు ఫోన్ చేస్తారు, నేను నీకు రాసి పంపుతాను. రేపటి నుంచే.

దీనితో ఇంకో కాగితం పెట్టాను. వినియోగదారుల కమిషన్‌కు నీ పేరున ఫిర్యాదు. పైసలు పెట్టి కొన్న వస్తువులోంచి, మనిషికి ఒక్క ముక్క చెప్పకుండా, ఎలా తీసేస్తారని అడిగాను. గెలుస్తామో లేదో తెలియదు. మేనేజర్‌కు తెలిస్తే నా నౌకరీ ఉండదు, అది మాత్రం తెలుసు. ఆ ఫిర్యాదులో నాలుగో వాక్యం ఇలా ఉంటుంది: "ఏమి పోతుందో నాకు చెప్పకుండా ఈ అప్‌డేట్ నొక్కింది సర్వీస్ సెంటర్లో పనిచేసే నా కూతురు షారోన్."

ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టాలని చూస్తావు. నీ సంగతి నాకు తెలుసు. కొట్టేయకు అవ్వా.

ఇట్లు,
నీ బిడ్డ
షారోన్