మాగబెట్టే గది తలుపు

మంగళవారం, రాత్రి

పొద్దున అరటి గెలలు మాగబెట్టే గదిలో సరుకు సర్దడం అయిపోయిందనుకున్నాను. "తలుపు మూసెయ్యమ్మా" అని పనిలో ఉన్న సత్యవతికి చెప్పి, రావులపాలెం మార్కెట్ నుంచి ఫోన్ వస్తే మాట్లాడుతూ బయటికి నడిచాను. ఆమె "అలాగేనండి" అంది, మూసేసింది. ఆమెతో పాటు పనిచేసే వీర్రాజు గెలల వెనక ఇంకా లోపలే ఉన్నాడు.

అతను తలుపు బాదుతున్న చప్పుడు నా చెవిన పడి, పరుగున వచ్చి తీశాను కాబట్టి సరిపోయింది. కాయలు మాగడానికి గ్యాస్ వదిలాక అయ్యుంటే మనిషి దక్కేవాడా?

"చూడకుండా ఎలా మూశావు?" అని సత్యవతి మీద అరిచాను.

"మూసెయ్యమన్నారు కదండీ, చూడమని చెప్పలేదు" అంది ఏడుస్తూ.

పైగా వీర్రాజు, "తప్పు నాదేనండి, లోపలున్నానని కేకెయ్యాల్సింది" అన్నాడు. అతని ముఖంలోకి చూడలేకపోయాను.

సాయంత్రం ఇద్దరినీ తలుపు దగ్గర నిలబెట్టి చెప్పాను. గది చివరిదాకా నడిచి చూడాలి, పేరు పెట్టి పిలవాలి, ఆ తర్వాతే మూయాలి. నేను చెప్పింది తిరిగి చెప్పమని అడుగుదామనుకుంటూనే, "అర్థమైందా?" అనేశాను.

ఇద్దరూ ఒక్కసారే "అలాగేనండి" అన్నారు.

పొద్దున కూడా ఆ మాట వినే నిశ్చింతగా వెళ్లిపోయాను.