నీళ్లు పడలేదు, బాపూ

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అంతకు నెల ముందు కరీంనగర్ సర్వీస్ సెంటర్లో మేనేజర్, నా ల్యాప్‌టాప్‌లో నీళ్లు పోసి వారంటీ కోసం అబద్ధమాడుతున్నావని నిన్ను అందరి ముందూ అన్నాడు. మన ఊరు నస్పూర్ చేరేదాకా బస్సులో ఆ ల్యాప్‌టాప్‌ను ఒళ్లోనే పట్టుకుని కూర్చున్నావు.

స్క్రూలు విప్పడం నేర్చుకుని, నిన్న అతని కౌంటర్ మీదే దాన్ని తెరిచాను. తడి తగిలితే ఎర్రబడే స్టిక్కర్ లోపల తెల్లగానే ఉంది.

"లోపలికి రామ్మా, మాట్లాడుదాం," అన్నాడు.

"మా బాపును గిక్కడనే అన్నవు. గిక్కడనే చెప్పు."

"నీళ్లు పడలే. తప్పు మాదే."

"జర గట్టిగ చెప్పు."

లైన్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పాడు. "మీ బాపును తీస్కరా, మాఫీ అడుగుత," అన్నాడు.

"బాపు లేడు. పోయిండు."

అతను తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తేదాకా అక్కడే నిలబడి చూశాను, బాపూ. జాలి కలగలేదు.