కొలంబోలో ఆ గాజు తలుపు

ఏమండీ... సలాం.

మీరు పోయి నాలుగు నెలలు దాటింది. మొన్ననే ఇద్దత్ ముగిసింది. భర్త పోయిన ఆడది గడప దాటకూడని నాలుగు నెలల పది రోజులూ సౌదీలో, ఈ యాన్బులోని మన ఫ్లాట్‌లోనే గడిపాను. ఇప్పుడు బయటికి వెళ్లొచ్చు. కానీ ఎక్కడికి?

ముందు మిమ్మల్ని బాధపెట్టే మాట చెప్పేస్తాను. నేనింకా ఇక్కడే ఉన్నాను. ఇరుక్కుపోయాను.

మిమ్మల్ని మట్టి చేసిన కొన్నాళ్లకే మీ కంపెనీ మందూబ్ ఫోన్ చేశాడు. మన కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ఆ మనిషి, ఏది అడిగినా బుక్రా, రేపు, అనేవాడు కదా... ఆ రోజు మాత్రం రేపు అనలేదు. నాకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించానని, వెంటనే దేశం వెళ్లిపొమ్మని చెప్పాడు. కంపెనీలో సౌదీ వాళ్లు చాలినంత మంది లేరట. ఏ వారంలోనైనా సర్కారు లెక్కలో రెడ్‌లో పడుతుందట. పడితే ఇక ఏ కాగితమూ కదలదట.

నేను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే కింది ఫ్లాట్ హైదరాబాదీ ఆమె ఇద్దత్‌లో ప్రయాణం కూడదంది. మనం దూదేకులవాళ్లం, ఉర్దూ సరిగా రాని ముస్లింలం. ఇలాంటి సంగతుల్లో ఎవరైనా గట్టిగా ఒక మాటంటే ఎదురు చెప్పడానికి నాకు నోరు రాదు. అవసరం పడితే వెళ్లొచ్చని నేనూ ఎక్కడో చదివాను. చదివీ ఉండిపోయాను. ఎందుకు? భక్తా? భయమా? మీరు ఈ మట్టిలో ఉండగా విమానమెక్కడానికి కాళ్లు రాలేదా? ఇప్పటికీ తెలియదు.

ఎగ్జిట్ గడువు ఇద్దత్ సగంలోనే అయిపోయింది. కంపెనీ రెడ్‌లో పడింది. ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, నా ఇఖామా కూడా ముగిసింది. మళ్లీ ఎగ్జిట్ కావాలంటే కంపెనీ కాగితాలు కదలాలి. మందూబ్ మళ్లీ బుక్రా అంటున్నాడు.

నన్ను కదలొద్దన్న ఆపా ఉంది చూశారూ... పిల్లలను తీసుకుని తనే వెళ్లిపోయింది. ఆమెను తప్పు పట్టలేను. కుటుంబంలో తలకింత అని సర్కారు లెవీ పెట్టినప్పటి నుంచీ మన బిల్డింగ్ మెట్ల మీద అట్టపెట్టెలు దిగుతూనే ఉన్నాయి. అందరూ ఫ్యామిలీలను పంపేస్తుంటే మీరు మాత్రం, "నువ్వు పోతే నేనీడ ఎవురితో కొట్లాడాల మే?" అన్నారు. ఇప్పుడు మొత్తం అంతస్తులో నేనొక్కదాన్నే. కొట్లాడటానికి ఎవరూ లేరు.

సరే. అసలు ఈ ఉత్తరం శ్రీలంక గురించి.

ప్రతి సెలవుకీ జెద్దా నుంచి కొలంబో, కొలంబో నుంచి చెన్నై. టికెట్ తక్కువని ఆ దారే మనకు అలవాటైపోయింది. పూటంతా ఆ ఎయిర్‌పోర్టులో పడిగాపులు. గాజు గోడకు అవతల కొబ్బరిచెట్లు, వాన, ఎర్రమట్టి. యాన్బు ఎండలో ఏడాదంతా మాడిన కళ్లకు ఆ పచ్చదనం ఎలా ఉండేదో! ఆ చివర బయటికి పోయే తలుపు. రెండు రోజులుండటానికి పర్మిషన్ ఇస్తారని మీతో పనిచేసే సింహళ ఫిట్టర్ చెప్తూనే ఉండేవాడు. మీరు బ్యాగుల మీద కాళ్లు చాపుకుని, "ఆ తలుపు యాడికీ పోదులే మే. వచ్చేసారి దిగుదాం" అనేవారు. ఒకసారి మీ అక్క కూతురి పెళ్లి అడ్డం. ఒకసారి స్థలం రిజిస్ట్రేషన్. ఒకసారి నాకు జ్వరం.

నిజంగా దిగాలనే అనుకున్నారా? లేక నన్ను ఊరించడానికేనా?

ఊరించడానికే అయితే అంత కొట్లాట ఎందుకు? ముందు మొదటి మనిషి బాబా ఆదం పాదమున్న కొండ ఎక్కాలని మీరు. తెల్లారేసరికి పైనుంటే కొండ నీడ మూడు కోణాలుగా దూరంగా పరుచుకుని కనపడుతుందని మీకు ఫిట్టర్ చెప్పాడు. ఆ పాదం ఆదంది అని ఒకరు, శివుడిదని ఒకరు, బుద్ధుడిదని ఒకరు. "కొండ ఎవురినీ పొమ్మనదంట మే. మన పీర్ల చావిడి మాదిరే" అని మీ సంబరం. హిస్టరీ ఎం.ఏ. చదివిన నాకేమో సిగిరియా కావాలి. ఆ రాతి కోట, సగం ఎత్తులో గోడ మీద రంగుల్లో గీసిన ఆడవాళ్లు. దానికి మీరు, "గోడ మీది ఆడోళ్లను సూసేదానికి అన్ని మెట్లెక్కాల్నా? అద్దం కొనిస్తా, ఇంట్లోనే సూసుకో." ఆ మాటకు కోపం నటించాను గానీ, ఆ రోజు అద్దంలో రెండుసార్లు చూసుకున్నాను... ఇది మీకు ఎప్పుడూ చెప్పలేదు.

తిమింగలాలు చూడటానికి మిరిస్సా పోదామంటే నీళ్లంటే భయపడి, "సముద్రం నడిమధ్యన కూసోని చాప కోసం కాసుకోవాల్నా?" అన్నారు. అది చేప కాదు, పిల్లలకు పాలిస్తుందని నేను పాఠం చెప్పాను. "పాలిస్తే మాత్రం, ఉండేది నీళ్లల్లోనే కదా" అన్నారు. 

ఇద్దత్‌లో ఆ దేశమంతా నేను ఇంట్లోనే తిరిగాను. నవ్వకండి. వంటగది టీ తోటల నువర ఎలియా. టీ మరుగుతుంటే కిటికీ అద్దం మీద ఆవిరి, దాన్నే కొండల మీద మంచు అనుకున్నాను. నడవా కొండల్లో పోయే ఎల్లా రైలు. ఒక చివర నుంచి ఇంకో చివరికి గోడ పట్టుకుని నడిచేదాన్ని, తలుపు దగ్గర నిలబడి సొరంగం దాటుతున్నట్టు. సాయంత్రం బాల్కనీ సముద్రం ఒడ్డు గాలె కోట గోడ. తెర వేసే ఉంచేదాన్ని, అందుకే ఆ కోటకు సముద్రం లేదు. మీ కొండ ఒక్కటే మిగిలింది. దానికి మెట్లు కావాలి. మెట్లు గడప అవతల ఉన్నాయి.

ఈరోజు ఎక్కాను.

తెల్లవారుజామున ఫజర్ నమాజు చదువుకుని, మేడ మీదికి. నాలుగు నెలలు నడవని మోకాళ్లు మూడో అంతస్తుకే మొరాయించాయి. మీరుంటే ఆగి, "ఇంగ ఎన్ని ఉండాయి మే?" అని నన్నే అడిగేవారు, అలసిపోయింది మీరు కాదన్నట్టు.

మీ సమాధి నేను చూడలేదు. ఇక్కడ ఆడవాళ్లను శ్మశానంలోకి రానివ్వరు కదా. దించినవాళ్లలో మీ దోస్తు వలి ఒకడు. సముద్రం వైపు గోడకు దగ్గరగా, పేరు లేని రాయి, అని చెప్పాడు. అంతే నాకు తెలిసింది. మేడ మీది నుంచి ఆ గోడ కనపడుతుంది.

వెనక కొండల మీద పొద్దు పొడిచింది. మన బిల్డింగ్ నీడ ముందుకు సాగింది... రేకుల షాపుల మీదుగా, ఖాళీ స్థలం మీదుగా, గోడ దాటి లోపలికి. మీ కొండ నీడలా మూడు కోణాలుగా లేదు. నలుచదరంగా, నీళ్ల ట్యాంకుతో, పక్కన నిలబడ్డ నా తలతో. నేను చెయ్యెత్తాను. అంత దూరంలో ఆ నీడ మీ దాకా వచ్చిందో లేదో నేను చూడలేను. ఎండ ఎక్కేకొద్దీ అది వెనక్కి వచ్చేసింది. అంతవరకూ అక్కడే ఉన్నాను.

కిందికి దిగి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు మంచివాడు. ప్రొద్దుటూరులో ముందు గది నాకోసం సున్నం కొట్టించాడు. ఇక నువ్వు ఒక్కదానివే ఎక్కడికీ పోనక్కర్లేదక్కా అంటాడు. ప్రేమతోనే అంటాడు. ఆ మాట వింటే ఎందుకో మళ్లీ ఇద్దత్ మొదలైనట్టుంటుంది. ఎగ్జిట్ వస్తే ఎక్కడా ఆగని విమానానికి టికెట్ తీస్తానన్నాడు. వద్దన్నాను. కొలంబో మీదుగా, మధ్యలో రెండు రోజులు. ఒక్కదానివేనా అని అడిగాడు. అవునన్నాను.   మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య నాకున్నది ఆ ఒక్క తలుపే కదండీ...

బుక్రా ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చేసరికి అక్కడ వానాకాలమైతే కొండదారి బాగుండదట. నేను ఎక్కగలనా? ఎక్కలేక సగంలో కూర్చుండిపోతే? ఏమో.

కానీ రెండు రోజుల్లో ఒక్కచోటే అవుతుంది. సిగిరియా వదిలేశాను. మీ కొండకే పోతాను. ఈ ఒక్క కొట్లాటలో మీదే గెలుపు.

మీ,
షంషాద్