సంచిలో చెమటపట్టిన చేపలు

ఏమండీ,

పైన మీరు కులాసాయేనా? అత్తగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మా నాన్నకి ఆయాసం ఎలా ఉంది? నాకు మాత్రం రోజూ ఏదో ఒక బెంగ.

మీరు పోయాక తాటాకు బుట్టలు అల్లేవాళ్ళు లేరని మన సూరిబాబు ఈసారి ఎండుచేపల్ని ప్లాస్టిక్ సంచుల్లో కట్టాడు. ఎండలోంచి తీసి, వేడి చల్లారకుండానే మూతి బిగించేశాడు. చేపకి చెమట పడుతుందిరా అన్నాను.

"ఊరుకోవే అమ్మా, గాలి దూరదు, ఏడాదైనా ఉంటాయి" అన్నాడు.

పది రోజులకి విప్పితే జిగురు, కంపు, తెల్లటి పురుగులు.

"కడిగి ఉప్పు జల్లి సంతలో అమ్మేద్దారి" అన్నాడు వాడు. పురుగుల కన్నా ఆ మాటకే ఎక్కువ రోత పుట్టింది. తిన్నవాళ్ళకి ఏమన్నా అయితే? సంచులతో సహా కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టేశాను.

వానలు వెళ్ళాక నిన్న పాదు తవ్వితే చేపలు మట్టయిపోయాయి. సంచులు మాత్రం కడిగినట్టు మెరుస్తున్నాయి. మీ బుట్టయితే చేపతోపాటే చివికిపోయేది.

సూరిబాబు అవి చూసి వెళ్ళి తాటాకులు తెచ్చాడు. వాడికి అల్లడం రాదు, నా వేళ్ళు వంగవు. కార్తీక బహుళ దశమి నాడు మీ తద్దినం. ఎలాగూ వస్తారు కదా, వాడి పక్కన కాసేపు కూర్చుని వెళ్ళండి.